పెరట్లో పట్టాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడింటిని తీసుకున్నాము. మొదటి ఉత్తరంలో అడిగిన సంగతులు పెరట్లో బొమ్మ రైలు వేయదలచిన ప్రతి ఒక్కరికీ పనికివచ్చేవి కాబట్టి దానికి ఎక్కువ చోటు ఇచ్చాము.

ప్రశ్న: మేము అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలోని డాలస్‌కు దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాము. ఇంటి వెనుక పెరడు 40 అడుగుల పొడవు, ఇంటి గోడ నుంచి కంచె వరకు 26 అడుగుల వెడల్పు ఉంటుంది. గోడ దగ్గర నుంచి కంచె దగ్గరకు వచ్చేసరికి నేల ఒకటిన్నర అడుగు పల్లానికి దిగుతుంది. మా బాబు ఏడో పుట్టినరోజుకు ఎల్‌జీబీ అనే జర్మన్ కంపెనీ వారి బొమ్మ రైలు స్టార్టర్ సెట్టు కొన్నాము. ప్రస్తుతం అది హాల్లో కార్పెట్ మీద నాలుగడుగుల చుట్టు తిరుగుతోంది. పెరట్లో వేయడానికి కంప్యూటర్ మీద 8 అంకె ఆకారంలో ప్లాను గీశాను. అందులో ఒక దారి మరొక దారి మీదుగా వంతెనపై దాటుతుంది. సెట్టుతో వచ్చిన వంపు పట్టాలనే మరికొన్ని కొంటే సరిపోతుందా? వాలు ఎంతవరకు ఉండవచ్చు? కింద కాంక్రీటు పోయించడం మంచిదేనా?

జవాబు: మీ మూడు ప్రశ్నలకూ జవాబు మీ ఉత్తరంలోని ఒక వాక్యంలోనే ఉంది. నేల ఒకటిన్నర అడుగు దిగుతుందని మీరు రాశారు, కాని ప్లాను గీసేటప్పుడు దాన్ని పక్కన పెట్టేశారు. కంప్యూటర్ తెర మీద ప్రతి పెరడూ బల్లపరుపుగానే కనిపిస్తుంది. కాబట్టి ముందు ఆ ప్లానును మూసివేసి, ఒక పురికొస, నాలుగు మేకులు, పారదర్శకమైన ఒక సన్నటి గొట్టం తీసుకుని పెరట్లోకి వెళ్లండి. గొట్టంలో నీళ్లు నింపి రెండు కొసలూ పైకెత్తి పట్టుకుంటే నీరు రెండు వైపులా ఒకే ఎత్తున నిలుస్తుంది. మన తాపీ మేస్త్రులు తరతరాలుగా పునాది మట్టం చూసేది ఈ పద్ధతిలోనే. ఇంటి గోడ నుంచి కంచె దాకా, ఈ మూల నుంచి ఆ మూల దాకా ఐదేసి అడుగులకు ఒక మేకు కొట్టి, నీటి మట్టం తగిలిన చోట ప్రతి మేకుపైనా ఒక గీత పెట్టండి.

కంటిని నమ్మవద్దని ఇంత గట్టిగా చెప్పడానికి నా అనుభవమే కారణం. నా మొదటి లైనును కాంపౌండ్ గోడ వెంట, గోడ పైఅంచును చూసుకుంటూ వేశాను. చూడడానికి అది తిన్నగా గీత గీసినట్లే ఉండేది. మూడు పెట్టెలతో ఇంజిను చక్కగా వెళ్లింది. నాలుగో పెట్టె తగిలించగానే గోడ మధ్యకు వచ్చి ఆగిపోయింది. చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, బండి మాత్రం కదలడం లేదు. నీళ్ల గొట్టం పెట్టి చూస్తే 20 అడుగుల్లో 9 అంగుళాల ఎత్తు తేలింది, అంటే వాలు నూటికి నాలుగుకు (నూరు అడుగులకు నాలుగడుగుల ఎత్తుకు) కాస్త తక్కువ. గోడ కట్టిన మేస్త్రి నేల వాలును అనుసరించి పైఅంచును కూడా వాల్చాడు. మీ చెక్క కంచె పలకలూ అదే పని చేసి ఉండవచ్చు.

ఇప్పుడు 8 అంకె సంగతి చూద్దాము. పై దారి మీద వెళ్లే రైలు కింది రైలుకు తగలకుండా పోవాలంటే పట్టాల నుంచి వంతెన అడుగు వరకు 9 అంగుళాలు, వంతెన మందం ఒక అంగుళం, మొత్తం 10 అంగుళాల ఎత్తు కావాలి. 8 అంకెలోని ఒక సున్నాలో రైలు ఆ 10 అంగుళాలూ ఎక్కుతుంది, రెండో సున్నాలో దిగుతుంది. వంపుల వ్యాసం 8 అడుగులు, రెండు దారులూ ఒకదానినొకటి లంబకోణంలో దాటుతాయి అనుకుంటే ఒక్కో సున్నా చుట్టూ పట్టాల పొడవు 27 అడుగులకు మించదు. దాటే చోట పైనా కిందా కొంత దూరం పట్టాలు మట్టంగా ఉండాలి కాబట్టి అందులో నాలుగడుగులు పోగా, మిగిలిన 23 అడుగుల్లో 10 అంగుళాలు ఎక్కాలి. అది నూటికి మూడున్నర దాటుతుంది, పైగా అంతా వంపులోనే. వంపులో చక్రపు అంచులు పట్టాను ఒరుసుకుంటాయి కాబట్టి ఇంజినుకు ఆ వాలు ఇంకా ఎక్కువగా ఉన్నట్లే. వాలు నూటికి రెండు మించకూడదు. అలా వేయాలంటే ఒక్కో సున్నా 46 అడుగులు ఉండాలి. అప్పుడు మీ 8 అంకె పొడవు 33 అడుగులు, వెడల్పు పదమూడున్నర అడుగులు అవుతుంది. మీ పెరట్లో అది పడుతుంది, కాని బాబు ఆడుకోవడానికి మిగిలే చోటు చాలా తక్కువ.

నూటికి రెండు అన్నది పిసినారి లెక్క కాదు. ముంబయి నుంచి హైదరాబాద్ వచ్చే బండికి కర్జత్‌లో వెనుక నుంచి తోసే ఇంజిన్లు తగిలించడం ప్రయాణికులు చూసే ఉంటారు. అక్కడి భోర్ ఘాట్ కొండదారి వాలు 37కి 1, అంటే నూటికి 2.7 మాత్రమే.

మీరు వంతెన వదులుకోనక్కరలేదు. పట్టాలను ఎక్కించడం, దించడం మానేసి మట్టంగా ఉంచండి, నేలను దాని దారిన దిగనివ్వండి. ఇంటి గోడకు 4 అడుగుల దూరంలో పట్టాలు నేల మీదే ఉంటాయి. అక్కడి నుంచి 16 అడుగులు కంచె వైపు వెళ్లేసరికి నేల 11 అంగుళాలు దిగి ఉంటుంది, పట్టాలు మాత్రం అదే మట్టంలో ఉంటాయి. అంటే అవతలి వైపు 18 అడుగుల పొడవునా మీకు వంతెన దానంతట అదే వచ్చేస్తుంది. దాని కింద నుంచి కాలిబాట తీయలేరు గాని, వాన నీటి కాలువ, రాళ్ల వాగు, పొట్టి పొదలు చక్కగా అమరుతాయి. రైలు పూర్తి పొడవుతో, పూర్తి పెట్టెలతో ఎక్కడా తడబడకుండా తిరుగుతుంది. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న ఒక సాదా చుట్టు చాలదేమోనని చాలామంది జంకుతారు. అయితే ఏడేళ్ల పిల్లవాడికి కావలసింది ఆగని రైలు. పక్క దారులను తరువాత కలుపుకోవచ్చు.

ఈ పద్ధతిలో రెండు కొసల వంపులు 16 అడుగుల వ్యాసంతో వస్తాయి. మీ సెట్టులోని వంపులు ఎల్‌జీబీ వారి ఆర్1 రకం, వ్యాసార్ధం 60 సెంటీమీటర్లు. 1968లో ఆ జర్మన్ సంస్థ రెండు పట్టాల మధ్య 45 మిల్లీమీటర్లు ఉండే ఈ దారిపై తోట రైళ్లను తెచ్చినప్పుడు తమ ఇంజిన్లను ఆ వంపులో తిరిగేలా తయారు చేసింది, కాబట్టి వారి చిన్న ఇంజిన్లకు అడ్డంకి లేదు. రేపు మీరు అమెరికన్ తరహా పొడవాటి ప్యాసింజర్ పెట్టెలు కొంటే అవి ఆ వంపులో తిరగవు. అసలు పెట్టె 85 అడుగులు, మీ దగ్గర ఎక్కువగా అమ్మే 29కి 1 నిష్పత్తి నమూనా దాదాపు 3 అడుగులు. వంపులో ఆ పెట్టె నడుము లోపలి వైపుకు, కొసలు బయటి వైపుకు పొడుచుకొచ్చి పక్కనున్న మొక్కనో, సొరంగం గోడనో తాకుతాయి. ఎంత చోటు ఉంటే అంత పెద్ద వంపు వేయడమే మంచిది, 8 అడుగుల వ్యాసానికి తగ్గకండి. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. అమెరికన్ కంపెనీలు వంపును వ్యాసంతో చెబుతాయి, యూరప్ వారు వ్యాసార్ధంతో చెబుతారు. ఈ తేడా చూసుకోక సగం సైజు పట్టాలు తెప్పించుకున్నవారు ఉన్నారు. సెట్టులోని ఆర్1 పట్టాలను షెడ్డు లైనుకు ఉంచుకోండి.

ఎడమ వంపు వెంటనే కుడి వంపు వచ్చేలా ఎక్కడా కలపకండి. రెండింటి మధ్య మీ పెట్టెల్లో అన్నిటికన్నా పొడవైనదంత తిన్నని పట్టా ఉండాలి, లేకపోతే పక్కపక్క పెట్టెలు చెరో వైపుకు లాగి కొక్కెం ఊడిపోతుంది.

కాంక్రీటు గురించి అడిగారు. మీ ప్రాంతపు నల్లమట్టి మన నల్లరేగడికి సొంత చెల్లెలు. వానకు ఉబ్బుతుంది, ఎండకు చేయి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. ఎండాకాలంలో ఇంటి పునాదుల చుట్టూ నీళ్లు పెట్టడం మీ వీధిలో చూసే ఉంటారు, దానికి కారణం ఈ మట్టే. ఇలాంటి నేలలో నాలుగు అంగుళాల మందాన పోసిన సన్నటి కాంక్రీటు పట్టీ రెండేళ్లలో ముక్కలవుతుంది. అప్పుడు దాన్ని సరిచేయడానికి పగలగొట్టడం తప్ప మార్గం ఉండదు. ఈ మట్టిలో ఏది వేసినా కదులుతుంది కాబట్టి, కదిలాక చేత్తో సరిచేసుకోగలిగినదే వేయాలి.

ఇంటి వైపు, పట్టాలు నేల మీద ఉన్న భాగంలో అర అడుగు లోతు, అంతే వెడల్పు కాలువ తవ్వి, అడుగున నీరు ఇంకే గుడ్డ పరిచి, కోణాలున్న సన్న కంకర నింపండి. గుండ్రటి గులకరాళ్లు చూడడానికి బాగుంటాయి గాని ఒకదానిపై ఒకటి దొర్లిపోతాయి, పట్టాను పట్టి ఉంచవు. మీ వైపు కోళ్ల దాణా అమ్మే దుకాణాల్లో దొరికే గ్రానైట్ నూక పై పొరకు సరిగ్గా సరిపోతుంది. కంచె వైపు, ఎత్తున ఉన్న భాగానికి నిచ్చెనను పడుకోబెట్టినట్లు ఉండే ప్లాస్టిక్ చట్రం వేసుకోండి. రెండు పొడవాటి పట్టీలు, వాటి మధ్య అడుగుకొక దిమ్మ, కింద నేలలోకి దిగగొట్టిన పీవీసీ గొట్టాల కాళ్లు ఉంటే చాలు. పట్టీలు తమంతట తాముగా వంగుతాయి కాబట్టి తిన్నని దారి నుంచి వంపులోకి మలుపు మెల్లగా తిరుగుతుంది, ముక్కల పట్టాల్లో వచ్చే కుదుపు ఉండదు. ఏటా వానల తరువాత రసమట్టం పెట్టి చూసి, కుంగిన కాలి దగ్గర మరను వదులు చేసి చట్రాన్ని పైకెత్తి మళ్లీ బిగిస్తే పని అయిపోతుంది.

తవ్వే ముందు 811 నంబరుకు ఫోను చేసి భూమిలో గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో గుర్తు పెట్టించుకోండి. మీ కాలనీ సంఘం నియమాలు చూసుకోండి. కంచె వెంట వాన నీరు పారడానికి వదిలిన పల్లాన్ని మట్టితో పూడ్చితే పక్కింటివారితో తగవు వస్తుంది కాబట్టి దాని మీదుగా పట్టాలను చట్రపు కాళ్లపైనే తీసుకెళ్లండి.

ఇక ఎండ, చలి. 2021 ఫిబ్రవరిలో మీ డాలస్‌లో సున్నాకు దిగువన 19 డిగ్రీల సెల్సియస్ చలి పడింది. వేసవి మధ్యాహ్నం ఎండలో ఇత్తడి పట్టా 60 డిగ్రీలకు చేరుతుంది. మీ చుట్టు మొత్తం 86 అడుగులు, అంటే 26 మీటర్లు. ఆ చలికీ ఈ ఎండకూ మధ్య ఆ ఇత్తడి దాదాపు 4 సెంటీమీటర్లు సాగుతుంది. భయపడనక్కరలేదు. పట్టాను కంకరలో ఊరికే కూర్చోబెట్టి, ఎక్కడా బిగించి మేకు కొట్టకుండా ఉంటే చుట్టు అంతా చేతి గాజు కాస్త పెద్దదైనట్లు పెరుగుతుంది. 8 అడుగుల వ్యాసార్ధం ఉన్న వంపు బయటికి జరిగేది 4 మిల్లీమీటర్లు మాత్రమే. తిన్నని భాగం 8 మిల్లీమీటర్లు సాగి, రెండు కొసల వంపులను చెరో 4 మిల్లీమీటర్లు తోస్తుంది. చట్రం మీద ఉన్న చోట స్లీపరు (పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మ) రంధ్రంలో మరను బిగించకుండా, తల ఆనీ ఆనకుండా వదిలేయండి. ఐదడుగుల పొడవు పట్టాలు వాడితే, గాలి 25 డిగ్రీలు ఉన్న పూట వేస్తూ అతుకు దగ్గర ఒక మిల్లీమీటరు, అంటే ఏటీఎం కార్డుకు కాస్త మించిన సందు ఉంచండి. అడుగు ముక్కలకు ఆ సందు అక్కరలేదు.

అన్నీ తేలాక, పట్టాలు కొనే ముందు, ఇంటికి ముగ్గు పోసినట్లే నేల మీద పూర్తి కొలతతో సున్నం గీత పోయండి. మధ్యలో మేకు, దానికి 8 అడుగుల తాడు, ఇంతే వంపు గీయడానికి కావలసిన పరికరం. ఒక వారం అలాగే వదిలేసి, ఆ గీత దాటుకుంటూ రోజూ తిరగండి. గడ్డి కోసే యంత్రం ఎటు వెళుతుందో, స్ప్రింక్లర్ నీరు ఎక్కడ పడుతుందో, ఒక పెద్ద వాన పడితే నీరు ఎక్కడ నిలుస్తుందో అప్పుడు తెలుస్తుంది. నీరు నిలిచిన చోట గీత చెరిపి పక్కకు జరపండి.

ప్రశ్న: మా నాన్నగారు గుంతకల్లు డివిజన్‌లో మీటర్‌గేజ్ ఇంజిన్ డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన నడిపిన వైపీ రకం ఆవిరి ఇంజిన్ నమూనా ఒకటి చేయించి, ఇంటి వెనుక వేపచెట్టు కింద 30 అడుగుల లైను వేయాలని ఉంది. ఏ కొలత పట్టా తీసుకోవాలి? చెక్క స్లీపర్లు వేస్తే అందంగా ఉంటుందని మా అన్నయ్య అంటున్నాడు.

జవాబు: మీకు లెక్క సులువుగా కుదిరింది. తోట రైళ్లకు ప్రపంచమంతటా దొరికే పట్టా వెడల్పు 45 మిల్లీమీటర్లు. మీటర్‌గేజ్ వెడల్పు 1000 మిల్లీమీటర్లు కాబట్టి దానిని 22.5తో భాగిస్తే 44.4 వస్తుంది. ఎల్‌జీబీ వారు తమ నిష్పత్తిని 22.5కి 1గా పెట్టుకున్నది ఇందుకే, వారి దేశంలోనూ మీటర్‌గేజ్ కొండ రైళ్లు ఉన్నాయి. అదే బ్రాడ్‌గేజ్ ఇంజిన్ చేయించి ఉంటే, 1676 మిల్లీమీటర్లకు 37కి 1 అనే ఎక్కడా దొరకని నిష్పత్తి వచ్చేది, ప్రతి చక్రమూ విడిగా చేయించుకోవలసి వచ్చేది. 1992లో మొదలైన యూనిగేజ్ పథకంతో మీటర్‌గేజ్ లైన్లు ఒక్కొక్కటే బ్రాడ్‌గేజ్‌గా మారిపోయాయి కాబట్టి, నాన్నగారి దారిని మీ పెరట్లోనైనా మీటర్‌గేజ్‌గానే ఉంచండి.

వైపీకి ముందు నాలుగు చిన్న చక్రాలు, నడిపే చక్రాలు ఆరు, వెనుక రెండు. ఆ ఆరు చక్రాలూ ఒకే గట్టి చట్రానికి బిగించి ఉంటాయి కాబట్టి చిన్న వంపులో ఇరుక్కుంటాయి. వెనుక తగిలించే పెట్టె అసలు పొడవు 60 అడుగులు అనుకుంటే నమూనా 32 అంగుళాలు అవుతుంది. కాబట్టి చుట్టు వేయాలనుకుంటే వంపు వ్యాసం 10 అడుగులకు తగ్గకూడదు. 30 అడుగుల చోటే ఉంటే నా సలహా, చుట్టు జోలికి పోకుండా రెండు కొసలా చిన్న స్టేషన్లతో తిన్నని లైను వేయండి. ఒక కొసన ఇంజినును విడదీసి, పక్క దారిలో వెనక్కి నడిపించి, మరో కొసకు తగిలించే పని నాన్నగారికి చేతినిండా ఉంటుంది. చుట్టు తిరిగే బండిని చూస్తూ కూర్చోవడం కన్నా డ్రైవరుకు అదే నచ్చుతుంది.

చెక్క స్లీపర్లు వద్దు, చెదలు వదలవు. నల్లటి ప్లాస్టిక్ స్లీపర్లు వేసి కంకర పోస్తే అడుగు దూరం నుంచి తేడా తెలియదు. అడుగున మాత్రం మీకు మంచి సౌకర్యం ఉంది, తాడిపత్రి నాపరాయి దగ్గర్లోనే దొరుకుతుంది. తొమ్మిది అంగుళాల వెడల్పున కోయించి, ప్రతి కొసకూ ఒక ఇటుక దిమ్మె కట్టి నడుము ఎత్తున పరిపిస్తే పెద్దాయన వంగే పని ఉండదు. రెండు బండల మధ్య సందు సరిగ్గా పట్టాల అతుకు కింద రాకుండా చూసుకోండి. వేపచెట్టు మొదటికి మరీ దగ్గరగా వెళ్లకండి, వేరు లావెక్కిందంటే ఇటుక దిమ్మె పక్కకు ఒరుగుతుంది. ఆకు రాలే రోజుల్లో పొద్దున్నే చీపురు పట్టక తప్పదు, ఆ పని ఎవరిదో ముందే తేల్చుకోండి.

ప్రశ్న: సికింద్రాబాద్‌లో మా మిద్దె తోట చుట్టూ లైను వేశాను. ఒక కొసన పట్టాలు గుండ్రంగా తిరిగి మళ్లీ అదే దారిలో కలుస్తాయి. ఆ ఆఖరి ముక్క కలపగానే ట్రాన్స్‌ఫార్మర్ ఎర్ర లైటు వెలిగి ఆగిపోతోంది. పట్టాలు పాడయ్యాయా?

జవాబు: పట్టాలు బాగానే ఉన్నాయి. మీ లైనులో ఒక పట్టా ప్లస్, ఒక పట్టా మైనస్. వేలితో ఎడమ పట్టాను పట్టుకుని ఆ చుట్టు వెంట వెళ్లి చూడండి, తిరిగి వచ్చేసరికి మీ వేలు కుడి పట్టా మీద ఉంటుంది. ప్లస్ వెళ్లి మైనస్‌ను తాకుతోంది, ట్రాన్స్‌ఫార్మర్ తనను తాను కాపాడుకుంటోంది. ఆ చుట్టులోకి వెళ్లే చోటా, బయటికి వచ్చే చోటా రెండు పట్టాలకూ లోహపు అతుకులు తీసి ప్లాస్టిక్ అతుకులు వేయండి. మధ్యలో మిగిలిన భాగం మీ పూర్తి రైలు కన్నా పొడవుగా ఉండాలి. లైట్లున్న పెట్టెల చక్రాలు ఆ అతుకు మీదుగా కరెంటును దాటిస్తాయి కాబట్టి ఇంజిను పొడవు ఒక్కటే చూసుకుంటే చాలదు. ఆ భాగానికి విడిగా కరెంటు ఇచ్చి, రైలు లోపల ఆగినప్పుడు బయటి లైను దిశను స్విచ్చుతో మార్చాలి. ఇదంతా తనంతట తానే చేసే సెట్టు కూడా దొరుకుతుంది. ఇంజినులోనే బ్యాటరీ పెట్టి రిమోటుతో నడిపేవారికి ఈ బాధే లేదు. మీ బోరు నీటి మరకలను పట్టాల మీద నుంచి తుడిచే పని కూడా వారికి చాలావరకు తప్పుతుంది.

మిద్దె మీద స్లాబుకు మాత్రం ఎక్కడా రంధ్రం వేయకండి. చట్రం కాళ్ల కింద రబ్బరు ముక్కలు పెట్టి, వాన నీరు గొట్టంలోకి పోయే దారికి అడ్డం రాకుండా, పిట్టగోడకు ఒక జానెడు ఎడంగా నిలపండి. ఆ జానెడు లేకపోతే పట్టాలు తప్పిన పెట్టెను తీయడానికి చెయ్యి పట్టదు.